నీరు తీస్తేనే జింకకు నేల

ఆర్మూరు అనగానే పసుపు, ఎర్రజొన్న, గుట్ట మీది నవనాథ సిద్ధేశ్వరుడు గుర్తొస్తారు. ఆ వరసలో కృష్ణజింకనూ చేర్చుకోవాలి. ఆర్మూరు దాటి నందిపేట వైపు వెళ్తే శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్. ఎండలు ముదిరి నీరు తగ్గిన చోటల్లా పచ్చిక. అక్కడ మెలితిరిగిన కొమ్ముల మగజింకలు, వాటితో పాటు మందలు.

గోదావరి ఆవల కవ్వాల్ అడవి ఉంది. 1965లో అభయారణ్యమై, 2012లో టైగర్ రిజర్వు అయింది. పులికి, చుక్కల దుప్పికి అది ఇల్లు. కృష్ణజింకకు మాత్రం చిక్కటి అడవి గిట్టదు. ముప్పును దూరం నుంచే పట్టే చూపు, గంటకు 80 కిలోమీటర్ల దాకా అందుకునే పరుగు దాని బలాలు. రెండూ బయలు నేలలోనే అక్కరకొస్తాయి.

గేట్ల చేతిలో మేత

1963 జూలై 26న నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయం పూర్తి మట్టం 1,091 అడుగులు. వానకాలంలో నిండితే మేత నేల మునుగుతుంది, మందలు చేలలోకి ఎక్కుతాయి. యాసంగికి కాకతీయ, సరస్వతి, లక్ష్మి కాలువలకు నీళ్లు వదిలే కొద్దీ నేల తేలుతుంది. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ గేట్లను జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచే ఉంచాలి. జింక మేత మునకను వానతో పాటు ఈ గేట్లూ నిర్ణయిస్తాయన్నమాట.

ఇక ఒండ్రు. మొదట 112 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో 80 టీఎంసీల స్థాయికి పడిపోయింది. ఆయకట్టుకు నష్టమైన ఆ పూడికే గడ్డికి సత్తువ, నాగలికి ఆశ. తేలిన శికం భూమిని దున్నితే పచ్చిక కుంచించుకుపోతుంది. మేత దొరకని జింక మొలకల మీద పడుతుంది. రైతు కడుపు మండుతుంది.

1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువిది. వేటాడితే జైలే. అది మేసే నేలకు మాత్రం కవ్వాల్‌కున్న హోదా లేదు.

ఊరితో మాట్లాడాకే

జలాశయం పక్కన రక్షిత వనం మనకు కొత్త కాదు. నిజాం కాలంలో కట్టిన పోచారం చెరువు పక్కన 1952లోనే అభయారణ్యం వెలసింది. ప్రభుత్వ భూమిని స్థానికులతో సంప్రదించి కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించే వీలును 2002 చట్ట సవరణ ఇచ్చింది. అయితే 2025 మేలో ప్రకటించిన కుమురంభీం కన్జర్వేషన్ రిజర్వు జీవో, ఆదివాసుల నిరసనతో జూలైలోనే ఆగిపోయింది. జీవోకు ముందు గ్రామసభ జరగాలన్నదే ఆ అనుభవం చెప్పేది.

నీరు తీసిన నేలలో కొంత భాగాన్ని దున్నకుండా వదలాలి. జింకలు మేసిన పంటకు పరిహారం మళ్లీ విత్తే లోపు రైతు చేతికి అందాలి. ఈ రెండూ కలిసి జరగకపోతే ఏ బోర్డు పెట్టినా జింక నిలవదు.