గాలిని తూచెడి వేడితీగ

వేసవిలో గాడ్పు లేచినపుడు అచ్చంపేట చుట్టుపట్ల చెలకల ఎర్రదుమ్ము ఎంత దూరము పోవునో, మన్ననూరు మీదుగా శ్రీశైలమునకు కారు నడపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అందు అధికభాగమును ఎయిర్ ఫిల్టరు అడ్డగించినను, తప్పించుకొన్న సూక్ష్మరేణువులు ఇంజనులోనికి పోవు గాలిని కొలిచెడి మాఫ్ సెన్సారుపై పేరుకొనును.

కాగిన సన్నని తీగనుండి వీచుగాలి ఎంత వేడిమిని హరించునో 1914లో గణితముచే నిరూపించినవాడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ఎల్. వి. కింగ్. ఈ సెన్సారునకు మూలమైన ఆ సూత్రము చిరకాలము ప్రయోగశాలలకే పరిమితమయ్యెను. 1970లలో కొన్ని కార్లు గాలి తోయగా తెరచుకొను రేకుతలుపుతో ప్రవాహమును కొలిచెడివి. కాని కొండలపై గాలి పలుచనైనపుడు దాని లెక్క చెడును. పెట్రోలు చక్కగా మండుటకు కావలసినది గాలి పరిమాణము కాదు, ద్రవ్యరాశి: ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి. అందుచే 1980ల ఆరంభమున బాష్ సంస్థ ప్లాటినపు తీగను గాలిదారిలో నిలిపి, లోనికి వచ్చు గాలికన్న దానిని సదా వేడిగా ఉంచుటకు పట్టు విద్యుత్తునుబట్టి గాలి బరువు గ్రహింపజేసెను. ఇంజను ఆపినంతనే క్షణకాలము సుమారు 1000 డిగ్రీల వరకు కాగి, తన మాలిన్యమును తానే దహించుకొనుట ఆ తీగ ప్రత్యేకత. తరువాత వచ్చిన పలుచని పొర సెన్సారులలో ఈ సదుపాయము సాధారణముగా లేదు.

మురికి కంబళివలె కప్పినచో గాలి తగినంత చల్లార్పజాలదు. సెన్సారు గాలి తక్కువని చెప్పును, బండి లాగుట తగ్గును. క్రొత్తది కొనుమను మెకానిక్కు మాట వినుటకు ముందు ఒకసారి శుభ్రపరచి చూచుట వివేకము. ఇంజను చల్లారిన పిదప, తాళపుచెవి తీసి, కనెక్టరు విడదీసి, సెన్సారును వెలికితీసి, దానికై ప్రత్యేకముగా అమ్మెడి స్ప్రేను కొంచెము దూరమునుండి కొట్టవలెను. గుడ్డ, దూది, వ్రేలు, టైర్లకు పట్టు గాలిగొట్టము, ఇవేవియు సోకరాదు. కార్బురేటరు క్లీనరు అసలే పనికిరాదు. పూర్తిగ ఆరినపిమ్మటనే బిగింపవలెను, ఆ స్ప్రే ఆవిరి మండుగుణము కలది. డీజిలు బండ్లలో ఈ సెన్సారు తరచు కనబడునుగాని, అనేకమైన చిన్న పెట్రోలు కార్లలో దీనికి బదులు పీడనమును కొలుచు సెన్సారు ఉండును గనుక మొదట మీ బండిలోనిది ఏదో తెలిసికొనవలెను.

శుభ్రపరచినను బండి లాగనిచో సెన్సారునే నిందింపక, అచటినుండి ఇంజను వరకు గల రబ్బరు గొట్టమున చీలిక యున్నదేమో పరీక్షింపుడు. కొలతకు చిక్కని గాలి ఆ దారినే చొరబడును.