పెదవి మీది ఆముదం

లిప్‌స్టిక్ గురించి మన ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. అదంతా కెమికల్ అని పెద్దవాళ్లు కసురుకుంటారు. ‘నేచురల్’ అని రాసి ఉన్నది కొంటే ఏ భయమూ లేదని పిల్లలు బదులిస్తారు. ఎంత వాదించుకున్నా ఇద్దరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది: చెట్టు నుంచో మట్టి నుంచో వచ్చింది మంచిది, ఫ్యాక్టరీలో తయారైంది చెడ్డది. నా దృష్టిలో ఆ పునాదే తప్పు. పెదవికి పూసుకునే వస్తువును దాని పుట్టుకను చూసి నమ్మడానికి లేదు. ఎంత శుద్ధంగా ఉందో, ఎవరు పరీక్షించారో చూసే నమ్మాలి.

హసన్‌పర్తిలోనో హనుమకొండ చౌరస్తాలోనో ఏ కంగన్‌హాల్‌లోనైనా దొరికే మామూలు లిప్‌స్టిక్ కడ్డీని తీసుకోండి. అందులో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, నూనెలే. వాటిలో ఎప్పటినుంచో ముందు వరుసలో ఉన్నది ఆముదం. ప్రపంచ మార్కెట్‌కు వెళ్లే ఆముదంలో సింహభాగం మన దేశానిదే. పంటలో గుజరాత్ ముందున్నా, పాలమూరు, నల్లగొండ చెలకలకు ఆముదం పాత చుట్టమే. క్రాంతి, హరిత వంటి రకాలు పాలెం పరిశోధన కేంద్రం ఇచ్చినవే. ఈ నూనెలో పదింట తొమ్మిది వంతుల దాకా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. అందువల్లే అది అంత చిక్కగా ఉండి, రంగుపొడిని పట్టి ఉంచుతుంది. దీపం మసిని ఆముదంతో నూరి కాటుక చేసిన మన అమ్మమ్మలది ఇదే విద్య. ఫ్యాక్టరీలో ఆ నూరడం మూడు ఉక్కు రోలర్ల మధ్య జరుగుతుంది. నూరిన రంగును కరిగిన మైనాల్లో కలిపి, అచ్చుల్లో పోసి చల్లారుస్తారు. చివర కడ్డీని ఒక్క క్షణం మంట మీదుగా పోనిస్తే పైపొర కరిగి మెరుపు వస్తుంది. తేనెమైనం 62–65 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. వరంగల్ మే నెల ఎండల్లో కడ్డీ వంగకుండా నిలబడేది ఆ గట్టి మైనం బలంతోనే. వేడికి పైన తేలే చిన్న బొట్లు లోపలి నూనె చుక్కలే, భయపడనక్కర్లేదు. నూనె చెడిన వాసన వస్తే మాత్రం పారేయాలి.

ఇక రంగు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి, అదే టమాట మిర్చి, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ ఉన్న పంట. ఇలాంటి మిర్చి నుంచి తీసే ఒలియోరెసిన్‌ను ఆహారానికీ సౌందర్య సాధనాలకూ రంగుగా వాడతారు. మరి చపాట మన ముంగిట్లో ఉండగా ఫ్యాక్టరీ రంగులెందుకు? అడగదగిన ప్రశ్నే. మిర్చి ఎరుపు వెలుతురుకీ గాలికీ త్వరగా వెలిసిపోతుంది. పైగా నారింజ వైపు మొగ్గే ఆ ఎరుపుతో గులాబీ, మెరూన్ ఛాయలు రావు. అందుకే కంపెనీలు ఐరన్ ఆక్సైడ్లు, టైటానియం డయాక్సైడ్, కృత్రిమ ఎరుపు రంగులు వాడతాయి. ఐరన్ ఆక్సైడ్ అంటే మనం గడపలకూ గోడలకూ పూసే జాజులోని ఎరుపే. అయినా అమెరికా నిబంధనలు నేలలోంచి తవ్విన దాన్ని సౌందర్య సాధనాల్లోకి రానివ్వవు, కృత్రిమంగా తయారుచేసిందే వాడమంటాయి. తవ్వి తీసిన మట్టిలో సీసం, ఆర్సెనిక్ వంటివి కలిసి వస్తాయి మరి. ఇక్కడ సురక్షితమైనది ఫ్యాక్టరీ సరుకే. ఇంగిలీకమూ ప్రకృతి ఇచ్చిన ఖనిజమే, అందులో ఉన్నది పాదరసం. కార్మైన్ ఎరుపు పూర్తిగా సహజం; కాక్టస్ మీద బతికే కొచినీల్ పురుగులను ఎండబెట్టి తీస్తారు, అది కొందరికి అలర్జీ తెస్తుంది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం వల్ల పెదవులు వాచి పొట్టు లేచిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

పూసుకున్నది కొంత కడుపులోకి పోతుంది, రోజూ పోతే పేరుకోదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అంకెలు చూద్దాం. 2013లో వెలువడిన కాలిఫోర్నియా పరిశోధకుల అధ్యయనం సగటు వాడకాన్ని రోజుకు 24 మిల్లీగ్రాములుగా, ఎక్కువగా వాడేవారికి 87గా లెక్కగట్టింది. అమెరికా ఎఫ్‌డీఏ 400 లిప్‌స్టిక్‌లను పరీక్షిస్తే సీసం సగటున 1.11 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1.11 పాళ్లు), గరిష్ఠంగా 7.19 ఉంది. అన్నిటికన్నా చెడ్డ కడ్డీని అందరికన్నా ఎక్కువగా వాడి, అంతా మింగినా రోజుకు 0.63 మైక్రోగ్రాములు. పిల్లలను కనే వయసు స్త్రీలకు ఎఫ్‌డీఏ పెట్టుకున్న రోజువారీ హెచ్చరిక గీత 8.8 మైక్రోగ్రాములు. బెంబేలెత్తాల్సిన మోతాదు కాదు. అలాగని ఉపేక్షించనూ కూడదు, ఎందుకంటే ఇంతవరకు సీసం ఒంట్లోకి వెళ్లినా హాని లేదని చెప్పే మోతాదే లేదు. పిల్లలకు ఆ గీత 2.2 దగ్గరే ఉంది. డాన్స్ ప్రోగ్రామ్ అని చిన్నపిల్లల పెదవులకు దట్టంగా పూయడం మానుకోవడం మేలు.

ఈ లెక్క పరీక్షకు నిలిచిన సరుకుకే వర్తిస్తుంది. మన నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల రంగుల్లో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. పేరున్న బ్రాండుకు నకలుగా, చిరునామా లేకుండా వచ్చే కడ్డీని ఈ కొలతకు ఎవరు నిలబెట్టారు? ప్రమాదం ఉంటే అక్కడే ఉంటుంది. కాబట్టి అట్ట మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వెతకాలి. పదార్థాల జాబితాలో ముందున్నది ఎక్కువ మోతాదులో ఉన్నట్టు. రిసినస్ కమ్యునిస్ సీడ్ ఆయిల్ అంటే ఆముదమే. రంగులు సీఐ నంబర్లతో చివర ఉంటాయి: 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడ్, 75470 కార్మైన్. పెదవులు మండినా, నల్లబడినా పూయడం ఆపి, ఆ అట్టతో సహా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ప్యాచ్ టెస్టు చేస్తే ఏ పదార్థం పడలేదో తేలుతుంది.