తిరిగే డిస్కు - పగిలే ప్రమాదం



మీ ఇంటి బీరువాలో, పట్టుచీరల మడతల కిందనో, పత్రాలు దాచిన డబ్బాలోనో ఒక పాత సీడీ ఉండే ఉంటుంది. దాని మీద పెళ్ళికూతురు పేరు, పెళ్ళికొడుకు పేరు, తేదీ రాసి ఉంటాయి. 2000వ సంవత్సరం తరువాత కొన్నేళ్ళపాటు మన పెళ్ళిళ్ళు, సీమంతాలు, గృహప్రవేశాలు ఇలాంటి డిస్కుల్లోకే ఎక్కాయి. తుడియలూరులోనైనా, మదురై పక్క పల్లెల్లోనైనా, మన తెలుగు కుటుంబాలకు ఆ డిస్కు మరింత విలువైనది. పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకుంటున్నారు. అవ్వ మాట్లాడిన తెలుగు, ఆమె పాడిన మంగళహారతి వాళ్ళకు వినిపించాలంటే చాలా ఇళ్ళల్లో ఆ డిస్కు ఒక్కటే దిక్కు.

ఇప్పటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. అందుకని పాత కంప్యూటరును దుమ్ము దులిపి దించుతాం. డిస్కు తీసి చూస్తే మధ్య రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు కనబడుతుంది. "ఇంత చిన్న గీత ఏం చేస్తుందిలే" అని లోపలికి తోస్తాం. డిస్కు గుయ్‌మని తిరగడం మొదలుపెడుతుంది. మోత పెరుగుతుంది. ఉన్నట్టుండి టపాకాయ పేలినట్టు ఠప్పుమంటుంది. డిస్కు ముక్కలు చెక్కలు, డ్రైవు పాడు, అవ్వ పాట గాలిలో కలిసినట్టే. ఒక్కొక్కప్పుడు డ్రైవు ముందున్న ప్లాస్టిక్ మూత విరిగి, ముక్కలు బయటికి కూడా వస్తాయి. ఇది ఎందుకు జరుగుతుందో, ఎలా తప్పించుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

సీడీ అంటే పాలీకార్బొనేటు అనే గట్టి ప్లాస్టిక్ పళ్ళెం. అడ్డంగా 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. నడుమ 15 మిల్లీమీటర్ల రంధ్రం. 1982లో ఇది మార్కెట్లోకి వచ్చినప్పుడు పాటలు వినడానికే వచ్చింది. పాటల పెట్టెలో అది నిమిషానికి 500 చుట్ల నుంచి 200 చుట్ల దాకా మాత్రమే తిరుగుతుంది. లోపలి వరుసలు చదివేటప్పుడు వేగంగా, బయటి అంచు దగ్గర నిదానంగా తిరుగుతుంది.

తరువాత అదే పళ్ళేన్ని కంప్యూటరుకు తెచ్చారు. సమాచారం త్వరగా రావాలంటే డిస్కును త్వరగా తిప్పాలి. రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు అంటూ పోటీ పెరిగి చివరికి 52 ఇంతలకు చేరింది. డ్రైవు ముఖం మీద 52ఎక్స్ అని రాసి ఉండేది దీన్నే. ఆ వేగంలో డిస్కు నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది. దాని అంచు గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అంటే మన కోయంబత్తూరులో బయలుదేరి గంట తిరగకుండానే మదురై చేరేంత వేగమన్నమాట. వేగం పెరిగింది గాని పళ్ళెం మాత్రం పాతదే. అదే ప్లాస్టిక్, అదే మందం.

చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పిన వాళ్ళకు సంగతి తెలుసు. ఎంత వేగంగా తిప్పితే రాయి తాడును అంత బలంగా లాగుతుంది. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలవుతుంది. డిస్కులో తాడు లేదు. ప్రతి ముక్కనూ పక్క ముక్కే పట్టి ఉంచాలి. 500 చుట్ల నుంచి 10,000 చుట్లకు పోతే వేగం 20 రెట్లు, లాగుడు 400 రెట్లు. ఈ లాగుడు అన్నిటికంటే ఎక్కువగా పడేది నడిమి రంధ్రం అంచు మీద.

అయితే ప్రతి డిస్కూ పేలుతుందా? పేలదు. లెక్క వేసి చూస్తే, అంత వేగంలో కూడా రంధ్రం అంచున చదరపు సెంటీమీటరుకు పడే లాగుడు సుమారు 45 కిలోలు. మంచి పాలీకార్బొనేటు 600 కిలోల దాకా తట్టుకుంటుంది. కాబట్టి మచ్చలేని డిస్కుకు ఢోకా లేదు. చిక్కంతా పగులుతోనే వస్తుంది. కొత్త బట్టను రెండు చేతులా పట్టి లాగండి, చిరగదు. అంచున చిన్న కత్తెర గాటు పెట్టి లాగండి, చర్రున చిరిగిపోతుంది. లాగుడంతా గాటు మొన దగ్గరికి చేరుతుంది. డిస్కు పగులు కూడా అంతే. తిప్పిన ప్రతిసారీ కొంచెం ముందుకు పాకుతుంది. ఒక హద్దు దాటాక ఇక ఆగదు, రెప్పపాటులో అంచు దాకా పోతుంది.

అప్పుడు బయటపడే శక్తి ఎంత? డిస్కు బరువు 15, 16 గ్రాములే. కాని పూర్తి వేగంలో అది దాచుకున్న శక్తి, కిలో తూకపు రాయి మనిషి ఎత్తు నుంచి కింద పడితే తగిలే దెబ్బకు సమానం. ఆ దెబ్బ వాడి అంచులున్న ముక్కలుగా చీలి వస్తుంది. డ్రైవుకు ముందువైపు తప్ప అన్ని వైపులా ఇనుప రేకు కాపలా ఉంది. ముందు మాత్రం ప్లాస్టిక్ మూత. కంప్యూటరు పెట్టె బల్ల కింద ఉంటే, నేల మీద కూర్చున్న పిల్లవాడి కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. ఈ మాట మరచిపోకండి.

తుడియలూరు శ్రోతలకు తిరిగే యంత్రాల సంగతి మరొకరు చెప్పనక్కరలేదు. మేట్టుపాళయం రోడ్డు వెంట కాస్త ముందుకు పోతే పెరియనాయకన్‌పాళయంలో, 1962లో పుట్టిన లక్ష్మీ మెషిన్ వర్క్స్ నూలు మిల్లులకు యంత్రాలు చేసి ఇచ్చింది. పంపులు, మోటార్లు, వెట్ గ్రైండర్లు ఈ ప్రాంతపు అన్నం గిన్నెలు. ఇక్కడి వర్క్‌షాపులో పనిచేసే ఏ అన్ననైనా అడగండి. గ్రైండింగ్ వీలును యంత్రానికి బిగించే ముందు ఏం చేస్తారు? రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా తడతారు. ఖంగున మోగితే మంచిది. బొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు, దాన్ని పక్కన పడేస్తారు. సంతలో మన అమ్మలు కుండను తట్టి చూసి కొనేదీ ఇందుకే. వీలు మీద ఇంతకు మించి తిప్పవద్దని వేగం కూడా అచ్చు వేసి ఉంటుంది. వర్క్‌షాపులో ఇంత జాగ్రత్తపడే మనం, ఇంటికి వచ్చాక అంతకంటే వేగంగా తిరిగే పళ్ళేన్ని చూడకుండానే తోసేస్తున్నాం.

డిస్కును తట్టి చూసి ప్రయోజనం లేదు, కంటితో చూడాలి. దీపం వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. అక్కడ వెంట్రుకంత గీత కనిపించినా ఆ డిస్కును కంప్యూటరులో పెట్టవద్దు. "నిన్న పాటల పెట్టెలో బాగానే పాడిందే" అంటారేమో. పాటల పెట్టె 500 చుట్లు దాటదని చెప్పుకున్నాం. అక్కడ బతికింది కంప్యూటరులో బతకకపోవచ్చు.

అసలు ఆ పగులు ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు మన చేతులనుంచే. పెట్టె నడిమి పళ్ళలో బిగుసుకున్న డిస్కును అంచు పట్టుకుని విల్లులా వంచి లాగుతాం. ఆ వంపు రంధ్రం దగ్గర గాటు పెడుతుంది. నడిమి బొత్తాన్ని వేలితో నొక్కి, డిస్కును తిన్నగా పైకి ఎత్తాలి. డిస్కు మీద కాగితపు చీటీ అంటించకండి. ఒకవైపు బరువు పెరిగితే తిరిగేటప్పుడు అదురుతుంది. థిన్నరు, గోళ్ళరంగు తుడిచే ద్రవం తగలనివ్వకండి. అవి పాలీకార్బొనేటుకు విషం లాంటివి. ఎండలో నిలిపిన కారులో వదలకండి. మెత్తని బట్టతో తుడిచేటప్పుడు నడుమ నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు.

పగులు లేని పాత డిస్కును కాపీ చేసుకోవాలంటే, యూఎస్‌బీ తీగతో తగిలించుకునే పలుచని డ్రైవు మేలు. దాని గరిష్ఠ వేగం సాధారణంగా 24ఎక్స్, అంటే పెద్ద డ్రైవులో సగానికి తక్కువ. లాగుడు నాలుగో వంతుకు దిగుతుంది. డిస్కు పెట్టాక డ్రైవు ముందు ముఖం పెట్టి చూడకండి, పిల్లల్ని పక్కకు పిలవండి. మోత మామూలుకంటే పెరిగినా, పెట్టె అదిరినా వెంటనే ఆపేయండి.

ఒకవేళ పగిలిందే అనుకోండి. ముందు కరెంటు ఆపి, ప్లగ్గు పీకేయండి. తెరిచే బొత్తాన్ని పదేపదే నొక్కవద్దు, వేలు లోపలికి దూర్చవద్దు. డ్రైవు విప్పి, కరెంటు ఇచ్చి లోపలికి తొంగిచూడటం అన్నిటికన్నా ప్రమాదం. సీడీ చదివే లేజరు కాంతి మన కంటికి దాదాపు కనబడదు గాని కంటిని దెబ్బతీయగలదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని పని తెలిసినవాళ్ళు చూడవలసిన పని ఇది. ముక్కలు పోయినవి పోయినట్టే. వాటిని అతికించి మళ్ళీ తిప్పాలని మాత్రం చూడకండి.

కనుక ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకోండి. బీరువాలోని డిస్కులన్నీ దించి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూడండి. బాగున్నవాటిని ఇప్పుడే రెండు చోట్ల కాపీ చేసి, ఒకటి మీ దగ్గర, ఒకటి తోబుట్టువుల ఇంట్లో ఉంచండి. పగులున్న డిస్కులో మీ పెళ్ళి ఉంటే దిగులుపడకండి. ఆ రోజుల్లో చుట్టాలకు పంచిన కాపీ ఏ అత్తమ్మ ఇంట్లోనో, ఏ మామయ్య ఇంట్లోనో భద్రంగా ఉండవచ్చు. ఒకసారి అడిగి చూడండి. అవ్వ పాట అక్కడ దొరికినా దొరుకుతుంది.