కోడె హుషారును చూసి మోసపోవద్దు

భైరవకోన కొండల దాపున ఉన్న చంద్రశేఖరపురం మెట్ట పల్లెల్లో ట్రాక్టర్లు వచ్చినా, ఎద్దుల సేద్యం పూర్తిగా పోలేదు. గొర్రు తోలడానికి, గుంటక తోలడానికి కాడి కట్టే రైతులు ఇంకా ఉన్నారు. ఎండాకాలంలో పొలం పని ఉండదు. కోడె రెండు మూడు నెలలు కొట్టంలోనే ఉండి మేస్తుంది. తొలకరి పడగానే దాన్ని మళ్లీ కాడి కిందికి తేవాలి. పలుపు విప్పగానే అది గంతులు వేస్తుంది. 'దీనికేం, పొద్దుగూకేదాకా లాగుతుంది' అనిపిస్తుంది. అలా లాగించవచ్చునా? కూడదు. ఎందుకో చూద్దాం.

శరీరం వాడకాన్ని బట్టి తయారవుతుంది. చేయి విరిగినవారికి పిండికట్టు విప్పిన రోజున ఆ చేయి సన్నబడి ఉండడం మీరు చూసే ఉంటారు. పని లేని కండరం క్షీణిస్తుంది. ఎముక సంగతీ అంతే. అది కూడా ప్రాణమున్న కణజాలమే. భారం పడితే గట్టిపడుతుంది, పడకపోతే పలచబడుతుంది. ఈ విషయాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో తన గ్రంథంలో వివరించాడు. భారం తెలియని అంతరిక్షంలో నెలల తరబడి ఉన్న వ్యోమగాముల ఎముకలు బలహీనపడడానికి కారణం కూడా ఇదే.

మరి పని మొదలుపెడితే అన్ని భాగాలూ ఒకేసారి బలపడతాయా? లేదు. గుండె, కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధనాలకు రక్తనాళాలు తక్కువ. వాటికీ, ఎముకలకూ నెలలు పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది! ఆయాసం తగ్గిన కోడె ఎంత బరువైనా లాగడానికి సిద్ధపడుతుంది. దాని కాళ్లు మాత్రం ఇంకా సిద్ధంగా ఉండవు. పైగా లేత వయసులో ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మృదులాస్థి ఇంకా పూర్తిగా ఎముకగా మారి ఉండదు. ఒకసారి స్నాయుబంధనం చిట్లితే, మానినా దానికి మునుపటి సాగుడు రాదు. ఒక్కరోజు తొందర జీవితకాలపు కుంటితనం కావచ్చు.

గుర్రాలను పెంచేవారు ఈ సంగతి ఎరుగుదురు. విశ్రాంతి నుంచి వచ్చిన లేత గుర్రాన్ని మొదట మనిషి ఎక్కకుండానే నడిపిస్తారు. తర్వాత జీను వేసి ఎక్కి నడక, కొన్ని వారాలకు చిన్న పరుగు, చివరికి దౌడు. మేత విషయంలోనూ జాగ్రత్త పడతారు. పూర్వం ఐరోపాలో బండి గుర్రాలకు ఆదివారం సెలవు ఉండేది, దాణా మాత్రం రోజూ లాగే పెట్టేవారు. సోమవారం బరువు లాగించగానే కొన్నిటికి కండరాలు బిగుసుకుపోయి అడుగు పడేది కాదు. కండర కణాలు దెబ్బతిని, వాటిలోని మయోగ్లోబిన్ బయటికి రావడంతో మూత్రం కాఫీ రంగులో వచ్చేది. దీనికి 'సోమవారం జబ్బు' అని పేరు. ఇది ముఖ్యంగా గుర్రాల జబ్బు. అయినా పనిని బట్టే దాణా పెట్టాలన్న నీతి ఎద్దుకూ వర్తిస్తుంది.

కోడెకు కూడా ఇదే క్రమం. మొదట కొన్నాళ్లు ఉత్త నడక. తర్వాత పని తెలిసిన ఎద్దుతో జత కట్టి, చల్లని పూట ఖాళీ బండి. ఆపైన కొద్దిసేపు గుంటక. దుక్కి, బరువు బండి చివరికి. కాడి రాపిడికి గట్టిపడిన మెడ చర్మం విశ్రాంతిలో మెత్తబడుతుంది. ఒక్కసారిగా రోజంతా రాసుకుంటే పుండు పడుతుంది. అందుకే రోజూ పని అయ్యాక మెడనూ కాళ్లనూ చేత్తో తడిమి చూడాలి. వేడి, వాపు ఉంటే మర్నాడు కాడి కట్టకూడదు. ఏరువాక పున్నమినాడు ఎద్దులను అలంకరించి, నాలుగు సాళ్లు దున్ని విప్పేసే ఆచారం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది.

మీ ఇంట కోడె ఉంటే, పెద్దల తోడుతో ఈ పరిశీలన చేయండి. పనికి ముందు దాని డొక్క ఎగసిపడడం చూసి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కించండి. పని ముగిశాక ప్రతి ఐదు నిమిషాలకూ మళ్లీ లెక్కించండి. మొదటి లెక్కకు రావడానికి ఎంతసేపు పట్టిందో రోజూ రాసుకోండి. ఎండ తీవ్రత కూడా ఊపిరిని పెంచుతుంది కనుక రోజూ ఒకే పూట, ఒకే పనికి లెక్కించాలి. రోజులు గడిచేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతుంది. అప్పుడు పెద్దలు 'ఇక బరువు పెంచుదామా?' అని అడిగితే ఏం చెబుతారు? మీ లెక్క చెప్పేది గుండె, ఊపిరితిత్తుల సంగతి మాత్రమే. ఎముకల సంగతి కాలమే చెప్పాలి.