మీకు తెలుసా? స్లైడుకు నీలం తెచ్చేది సున్నపురాతి నీరు!

హెమటాక్సిలిన్ అనే రంగులో ముంచిన కణజాలంలో కణకేంద్రకాలు మొదట ఎర్రటి ఊదారంగులో ఉంటాయి. క్షారగుణమున్న నీటిలో కడిగితేనే నీలం తేలుతుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల లాంటి నాపరాళ్ల సీమలో, సున్నపురాతి పొరల్లో ఊరే బోరునీటికి ఆ గుణం సహజం. పప్పు ఉడకనివ్వదని కర్నూలు, కడప ఇళ్లలో విసుక్కునే ఉప్పునీళ్లు హిస్టాలజీ ల్యాబుకు నిజంగా వరమే. మెత్తటి నీళ్లున్న చోట ఇదే పనికి మెగ్నీషియం సల్ఫేట్, సోడియం బైకార్బనేట్ కలిపి స్కాట్ ద్రావణం తయారుచేసుకోవాలి. ఉప్పు మరకలు పడవా అంటే, స్లైడు ఆరిపోతే పడతాయి. ఇక్కడి ఎండాకాలపు పొడిగాలికి అది ఆరడం ఎంతసేపు! క్షారం మిగిలితే, తర్వాత వేసే ఇయోసిన్ అనే రంగు ఇచ్చే గులాబీ కూడా పాలిపోతుంది. కాబట్టి నీలం తేలగానే డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, తడి ఆరకముందే ఇయోసిన్‌లోకి పంపాలి. రంగులు కలపడానికి మాత్రం బోరునీరు వాడకూడదు.