గేటుకు బోర్డు పెడితే బాధ్యత తీరుతుందా?

మా చోడవరంలో కొత్తగా కడుతున్న ఇళ్ల గేట్లకు ‘కుక్క ఉన్నది, జాగ్రత్త’ అనే బోర్డు మామూలైపోయింది. చెరకుతోటకు, గొర్రెల దొడ్డికి కుక్కను కాపలా పెట్టడం ఈ ప్రాంతంలో పాత అలవాటే. నక్కలు, అడవిపందులు తిరిగే చోట రైతుకు అది అవసరం కూడా. కానీ ఇప్పుడు కుక్క తోటలోంచి వీధిగుమ్మంలోకి వచ్చింది. పాలవాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు, పోస్ట్‌మాన్, పనిమనిషి ఆ బోర్డు చదివి కూడా గేటు తీయక తప్పనివారు. వారి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాము.

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో జరిగిన సంఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అపార్టుమెంటు మూడో అంతస్తుకు భోజనం పార్సిలు తీసుకుపోయిన 23 ఏళ్ల యువకునిపైకి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ కుక్క ఎగబడింది. ప్రాణభయంతో పరుగెత్తిన ఆ యువకుడు మూడో అంతస్తు నుంచి కింద పడి, కొద్దిరోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. కుక్క యజమానిపై పోలీసులు కేసు పెట్టారు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఒక డాబర్‌మాన్ కుక్కకు భయపడి, సరుకు ఇవ్వడానికి వెళ్లిన మరో వ్యక్తి మూడో అంతస్తు నుంచి దూకాడు. గాయాలతో బయటపడ్డాడు. రెండు చోట్లా పొట్టకూటి కోసం పరాయి గుమ్మం తొక్కినవాడే బలయ్యాడు.

చట్టం లేదా? ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 289వ సెక్షను దీనికోసమే. తన స్వాధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గాని, తీవ్రమైన గాయం గాని కలగకుండా చాలినంత జాగ్రత్త తీసుకోనివాడు నేరస్థుడే. తెలిసి మానుకున్నా, నిర్లక్ష్యంతో మానుకున్నా తేడా లేదు. ఆరు నెలల వరకు ఖైదు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1860లో వెయ్యి రూపాయలంటే ఒక ఆస్తి. విచిత్రమేమంటే 2024 జూన్ దాకా ఆ అంకె కదలలేదు! జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 291వ సెక్షను అయింది. జరిమానా అయిదు వేలయింది, ఖైదు ఆరు నెలలే. చాలా జాతుల కుక్కపిల్లల ధర ఈ జరిమానాను మించి ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే మాత్రం 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మరొక సంగతి కూడా గమనించాలి. కుక్క కరిచేదాకా ఆగమని 291వ సెక్షను అనలేదు. ముప్పు కలిగే అవకాశం ఉండి యజమాని జాగ్రత్త పడకపోతే చాలు.

కొందరు ‘ప్రమాదకరమైన జాతులను నిషేధిస్తే సరి’ అంటారు. కేంద్రప్రభుత్వం 2024 మార్చిలో ఆ పనే చేయబోయింది. పిట్‌బుల్, రాట్‌వీలర్ మొదలైన 23 జాతుల పేర్లు రాసి, వాటి పెంపకానికి, అమ్మకానికి లైసెన్సులు ఇవ్వవద్దని రాష్ట్రాలను కోరింది. సంబంధితుల మాట వినకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది. అది నిలిచినా ఏమయ్యేది? ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు, డాబర్‌మాన్ లేదు. బ్రిటన్‌వారు 1991లోనే ప్రమాదకర కుక్కల చట్టం చేసి నాలుగు జాతులను నిషేధించారు. ఆ తరువాత ఎక్స్ఎల్ బుల్లీ అనే కొత్త రకం వచ్చి మనుషుల ప్రాణాలు తీస్తే, 2024 ఫిబ్రవరి నుంచి దాన్నీ కలిపారు. జాతుల పేర్లు రాసుకుంటూ పోతే జాబితా ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

ఈ విషయంలో మాకు మదరసా పాఠాలే ఎక్కువ పనికొచ్చేవిగా తోస్తున్నాయి. వేటకు, మందకు, పొలం కాపలాకు తప్ప కుక్కను ఉంచుకోరాదని హదీసు చెప్పిన మాట చాలామందికి తెలుసు. తెలియనిది దాని తరువాతి ప్రశ్న: ఉంచుకున్న కుక్క కరిస్తే ఎవరు ఇచ్చుకోవాలి? మూగజీవి తనంతట తాను చేసిన గాయానికి పరిహారం లేదని హదీసు ఉన్నది. అయితే యజమాని తప్పు ఉన్నచోట ఇది వర్తించదని ఫుఖహా వివరించారు. హనఫీ ఫిఖాలో కరిచే కుక్కను వీధివైపు ఒరిగిన గోడతో పోల్చారు. గోడ ఒరిగింది, పడగొట్టించు అని జనం చెప్పాక కూడా ఊరుకుంటే, అది కూలి జరిగిన నష్టం యజమానిదే. కుక్క విషయమూ అంతే. ‘నీ కుక్క కరుస్తోంది’ అని ముందే చెప్పి ఉంటే, ఆ తరువాతి కాటుకు అతడే జవాబుదారు. ఇక్కడ జాతి ప్రసక్తి లేదు. యజమానికి తెలుసా, తెలిసి ఏం చేశాడు అన్నదే ప్రశ్న. తౌరాతులోని పొడిచే ఎద్దు చట్టం కూడా ఇదే పద్ధతిలో ఉన్నది.

ఇప్పుడు ఆ బోర్డు సంగతి చూడండి. చాలామంది దాన్ని రక్షణపత్రం అనుకుంటారు. మా దృష్టిలో అది ఒప్పుకోలు. కుక్క ప్రమాదమని యజమానికి తెలుసునని అతడే తన గేటు మీద రాసిపెట్టుకున్నాడు. తెలిసినవాడు గొలుసు వేయాలి, గేటుకు గడియ పెట్టాలి, పిలుపుగంట బయట ఉంచాలి, ఏటా రేబిస్ టీకా వేయించాలి. కుక్కను కొట్టి, పస్తుపెట్టి క్రూరంగా తయారు చేయడం కాపలా కాదు. దాహంతో ఉన్న కుక్కకు నీరు పోసినవానికి మన్నింపు దొరికిన హదీసు మన పిల్లలకు కూడా వచ్చు.

వీధికుక్కల సంగతి వేరు. వాటికి యజమాని లేడు గనుక ఆ భారం పంచాయతీలు, మునిసిపాలిటీలపై పడుతుంది. కుక్క ఏదైనా కాటుకు వైద్యం ఒక్కటే. మన ఇళ్లలో ఇంకా గాయానికి కారం, సున్నం అద్దుతున్నారు. అది మానాలి. వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. గాయం లోతుగా ఉంటే సీరం కూడా అడగాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు లేదు.

ఇక ముందుగా చెప్పడం. మన వీధుల్లో కరిచే కుక్క ఏ ఇంటిదో అందరికీ తెలుసు. ఆ ఇంటాయన పెద్దమనిషి గనుక ఎవరూ నోరు విప్పరు. పిల్లలు చుట్టుతిరిగి బడికి పోతారు. నోటిమాట కోర్టులో నిలవడం కష్టం. నలుగురు కలిసి ఒక కాగితం రాయండి. కుక్క ఏ తేదీన ఎవరి మీదకు వచ్చిందో, ఎవరు చూశారో అందులో ఉండాలి. యజమానికి ఒక ప్రతి ఇచ్చి, రెండోదానిపై అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచండి. మూడో ప్రతి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. గొలుసు అప్పటికీ పడకపోతే అవే కాగితాలతో, 291వ సెక్షను పేరు చెప్పి పోలీసు స్టేషనుకు వెళ్లవచ్చు.