కుంచెడు బియ్యం

తెలుగువారి ఇంట బిడ్డ పుట్టింది మొదలు వేడుకలకు కొదువ లేదు. బారసాల, అన్నప్రాశన, అక్షరాభ్యాసం, పెండ్లి; ప్రభవ నుండి అక్షయ వరకు 60 సంవత్సరాలు ఒక చుట్టు తిరిగి, పుట్టిన ఏడు మళ్లీ వచ్చినప్పుడు షష్టిపూర్తి; వేయి పున్నములు చూచిన వృద్ధునికి సహస్ర చంద్రదర్శనం. ఇరువది తొమ్మిదిన్నర రోజులకొక పున్నమి చొప్పున వేయి నిండడానికి ఇంచుమించు 81 ఏండ్లు పడుతుంది. మన పెద్దలు ఆయుర్దాయాన్ని ఆకాశంతో కొలిచారు.

2002లో సింహాద్రి విద్యుత్కేంద్రం పనిచేయడం ఆరంభించింది; తరువాత ఔషధ కర్మాగారాలు వెలిశాయి. మా పరవాడలో జీతాలతోపాటు వేడుకల తీరూ మారింది. బిడ్డ తొలి పుట్టినరోజుకు కల్యాణమండపం, కేకు, రంగుకాగితాల పొట్లాలు, వచ్చినవారికి తిరుగు కానుకలు. కలిగినవారు సంతోషిస్తే తప్పేమున్నది? అయితే ఆ పొట్లాలలో ఎవరిది ఏదో మరునాటికి ఇంటివారికే గుర్తుండదు.

మా నాయనగారు గతించిన పిమ్మట ఆయన పెట్టెలో నా పెండ్లినాటి చదివింపుల పుస్తకం కనబడింది. నూటపదహార్లు, వెండి కుంకుమభరిణె, చీర. ప్రతి పేరుకు ఎదురుగా, వారింటి శుభకార్యానికి మేము తిరిగి ఇచ్చినది వ్రాసి, ‘చెల్లు’ అని ఉన్నది. చివరి పుటలో మా పొలంలో ఊడ్పులకు వచ్చే ముసలమ్మ పేరు, ‘కుంచెడు బియ్యం’. ఎదుటి గడి ఖాళీ. ఆమె మనుమరాలి పెండ్లికి నాయనగారు నన్ను వెళ్లమన్నారు. పరీక్షపత్రాలు దిద్దే పని ఉన్నదని నేను వెళ్లలేదు.

1863లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారికి 70వ జన్మదినోత్సవ సందర్భంలో పండితులు వ్యాసాలు వ్రాసి, ‘వ్యాససంగ్రహము’గా కూర్చి 1933లో సమర్పించారు. ఆ గ్రంథమూ, ఈ కుంచెడు బియ్యమూ నా దృష్టిలో ఒకే జాతి కానుకలు. రెంటిలోనూ ఇచ్చినవారి కష్టంలో ఒక పాలు ఉన్నది. షష్టిపూర్తికి తండ్రి చెప్పిన ముచ్చట్లను కొడుకులు వ్రాసి ఇవ్వరాదా? బారసాలనాడు పెరటిలో ఒక కొబ్బరిమొక్క నాటరాదా?

వచ్చే నెలలో ఆ మనుమరాలి బిడ్డకు అన్నప్రాశన. ముసలమ్మ లేదు. పిలుపు వచ్చినా రాకున్నా, కుంచెడు బియ్యంతో వెళ్లదలచాను. బాకీ తీరుతుందని కాదు. ఆ పాపకు పెట్టే తొలి ముద్దలో మా ఇంటి గింజ కూడా ఉండాలని.